సైటేషన్లు 41 రాయాలా, 17 రాయాలా?

గాజువాక నుంచి అడిగిన మేడమ్ గారూ, మీ గణితం పేపర్లకి సైటేషన్లు (అంటే వేరే పేపర్లలో మీ పేపర్లని ఎన్నిసార్లు ఉదహరించారో ఆ లెక్క) గూగుల్ స్కాలర్‌లో 41, గణితం పేపర్ల డేటాబేస్ మ్యాథ్‌సైనెట్‌లో 17 అని చూసి, దరఖాస్తులో ఏది రాయాలా అని టెన్షన్ పడ్డారు కదా. రెండూ తప్పు కావు. స్కాలర్ ప్రీప్రింట్లనీ (జర్నల్లో రాకముందే నెట్‌లో పెట్టిన పేపర్లు), థీసిస్‌లనీ కూడా లెక్కేస్తుంది. మ్యాథ్‌సైనెట్ తాను ఎంచుకున్న జర్నళ్లనే చూస్తుంది. దరఖాస్తులో రెండూ రాయండి, పక్కనే ఏది ఎక్కడిదో, ఏ తేదీన చూశారో రాయండి.

ముందు మీ పేరు సంగతి చూడండి. మనవాళ్లకి ఇదే పెద్ద తంటా. ఒక పేపర్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, మూడోదాంట్లో ఉత్త పొడి అక్షరాలు. నా పేపర్లయితే మూడు ప్రొఫైళ్ల కింద చెల్లాచెదురుగా పడి ఉండేవి! ఆర్కిడ్ నంబరు (పరిశోధకులకిచ్చే గుర్తింపు నంబరు) ఉచితమే, తీసుకోండి. స్కాలర్‌లో ఒకే పేపర్ రెండుసార్లు కనిపిస్తే రెండింటికీ టిక్ పెట్టి మెర్జ్ నొక్కండి. కాలేజీలో మ్యాథ్‌సైనెట్ లేకపోతే అలాంటిదే ఇంకో డేటాబేస్ జెడ్‌బీమ్యాథ్ ఉంది, 2021 నుంచి అందరికీ ఉచితం.

హెచ్-ఇండెక్స్ 3 (అంటే మూడు పేపర్లకి కనీసం మూడేసి సైటేషన్లు) అని చిన్నబుచ్చుకోకండి. దాన్ని 2005లో ప్రతిపాదించిన హిర్ష్ ఫిజిక్స్ ఆయన. ఆల్జీబ్రా, జామెట్రీల్లో పేపర్లు తక్కువ, రిఫరెన్సులు తక్కువ, చదివేవాళ్లూ నిదానమే. మన ఆంధ్రా యూనివర్సిటీ నుంచి యు.ఎం.స్వామి, జి.సి.రావు గార్లు 1981లో ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్‌ల (ఆల్జీబ్రాలో ఒక రకం నిర్మాణాలు) మీద రాసిన పేపర్‌ని దశాబ్దాల తర్వాత కూడా ఉదహరిస్తూనే ఉన్నారు.

మీ దరఖాస్తు చూసే కమిటీలో బయాలజీ వాళ్లుంటే, మన సబ్జెక్టులో రచయితల పేర్లు అక్షరక్రమంలో వేస్తారని ఒక ముక్క రాయండి. లేదంటే రెండో పేరు మీదైతే పని తక్కువ చేశారనుకుంటారు.