లొంగిపోయినవాడి మీదే మనసెందుకు?

ప్రశ్న: జార్జ్ ఆర్వెల్ ‘1984’, రే బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’ వెంటవెంటనే చదివాను. ‘ఫారెన్‌హీట్ 451’లో పుస్తకాలు తగలబెట్టే ఉద్యోగి మోంటాగ్ వ్యవస్థ మీద తిరగబడి, ప్రాణాలతో బయటపడతాడు. ‘1984’లో విన్‌స్టన్ స్మిత్ తాను ప్రేమించిన జూలియానే అప్పగించి, దేశాన్నేలే పార్టీకి లొంగిపోతాడు. అయినా నా మనసు విన్‌స్టన్ వైపే మొగ్గుతోంది. ఇది ఓడినవాడి మీద జాలి మాత్రమేనా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఓటమి ఒక్కటే కారణమైతే, వీరిద్దరికంటే ముందు పుట్టిన డీ-503కే మన జాలంతా దక్కాలి. యెవ్‌గేనీ జమ్యాతిన్ 1920–21 ప్రాంతంలో రష్యన్‌లో రాసిన ‘మేము’ నవలలో కథ చెప్పే గణితజ్ఞుడు అతను. ఐ-330 అనే తిరుగుబాటుదారును ప్రేమించి ఆమె వెంట నడుస్తాడు. చివరికి ప్రభుత్వం ఆపరేషన్ చేసి అతని ఊహాశక్తిని తీసేస్తే, తనవాళ్ల గుట్టంతా అధికారులకు చెప్పేసి, ఆమెను గాజు గంట కింద కూర్చోబెట్టి గాలి లాగేస్తుంటే నిబ్బరంగా చూస్తూ ఉంటాడు. అంత పతనం చూసినా మనకు అతని మీద కన్నీళ్లు రావు. అతనికిక నొప్పి తెలియదు కనుక, మన సానుభూతి నోరు విప్పని ఆ స్త్రీ వైపు వెళ్లిపోతుంది.

విన్‌స్టన్ సంగతి వేరు. అతను వీరుడు కాడు. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో చీలమండ పైన పుండుతో మెట్లెక్కడానికే ఆయాసపడుతూ, పాత పత్రికల్లోని వార్తలను ప్రభుత్వానికి అనుకూలంగా తిరగరాసే ఉద్యోగం చేసుకునే మనిషి. మచ్చలేని మంచివాడూ కాడు. ఉద్యమానికి అవసరమైతే పసివాడి ముఖం మీద యాసిడ్ పోస్తావా అని, తిరుగుబాటుదారుగా నటించే పార్టీ అధికారి ఓబ్రియన్ అడిగితే పోస్తానంటాడు. తర్వాత చిత్రహింసల గదిలో, పార్టీకంటే తానే నీతిమంతుడినని అతను చెప్పుకోబోతే, ఓబ్రియన్ ఆ మాటల రికార్డునే వినిపిస్తాడు. మన సానుభూతి అతని నీతిని నమ్ముకుని నిలిచిందే అయితే అక్కడితో ఆవిరైపోవాలి.

అది నిలబడటానికి కారణం, నా ఉద్దేశంలో, ఒక చాక్లెట్ ముక్క. కరువు రోజుల్లో ఇంటికి వచ్చిన ఆ కొద్దిపాటి చాక్లెట్‌లో తల్లి ముప్పావు వంతు తనకే ఇచ్చినా, చిన్నవాడైన విన్‌స్టన్ జబ్బుపడిన చెల్లెలి చేతిలోని పావు వంతు కూడా లాక్కుని పారిపోతాడు. తల్లి ఆ పిల్లను చేతితో చుట్టి గుండెకు హత్తుకుంటుంది. ఆకలికి ఇంటికి తిరిగొచ్చేసరికి ఇద్దరూ మాయమై ఉంటారు. పార్టీ మీద ద్వేషం ఎవరికైనా ఉండవచ్చు. కానీ గతాన్ని చెరిపేయడమే కొలువైన మనిషి, తన తప్పును మాత్రం చెరపకుండా మోస్తూ, ఏ ఫలితమూ లేని తల్లి ప్రేమలో గొప్పతనాన్ని గుర్తించడం నవల మొత్తంలో అతను చేసిన అసలైన తిరుగుబాటు. చివరి పుటల్లో, తల్లీ చెల్లీ తానూ నవ్వుకుంటూ వైకుంఠపాళి ఆడిన ఒక మధ్యాహ్నం గుర్తుకొస్తే, అది అబద్ధపు జ్ఞాపకమని తోసేస్తాడు. నన్ను కలచివేసేది జూలియాను అప్పగించడం కంటే ఇదే. చిత్రహింసల్లో ఎలుకల బోను ముఖానికి దగ్గరగా తెచ్చినప్పుడు జూలియాను అప్పగిస్తూ అరిచిన అరుపు భయం వల్ల వచ్చింది. ఈ తోసివేత మాత్రం ఎవరూ బలవంతపెట్టకుండా జరిగింది.

మోంటాగ్ పదేళ్లుగా పుస్తకాలు తగలబెట్టినవాడు. పుస్తకాలను వదలలేక తనే అగ్గిపుల్ల గీసుకుని కాలిపోయిన ముసలామె అతన్ని కదిలిస్తుంది, నిజమే. కానీ 1953 నాటి ఆ నవల అతని చేతికి మంటలు చిమ్మే యంత్రాన్నీ, నది అవతల పుస్తకాలను మనసులో దాచుకున్నవాళ్ల తోడునూ ఇస్తుంది. దారి దొరికినవాడిని చూసి మనం సంతోషిస్తాం. అతని కోసం దిగులుపడాల్సిన అవసరం తక్కువ.

ఆ నవలలో దిగులు పడవలసింది అతని భార్య మిల్‌డ్రెడ్ గురించి. నిద్రమాత్రల సీసా ఖాళీ చేసి పడి ఉన్న ఆమెకు కడుపు కడగడానికి వైద్యులు రారు, యంత్రంతో ఇద్దరు పనివాళ్లు వస్తారు. రాత్రికి ఇలాంటివి తొమ్మిదో పదో తగులుతాయని చెప్పి వెళ్లిపోతారు. తెల్లారేసరికి ఆమెకు ఏదీ గుర్తుండదు. భర్త మీద అధికారులకు ఫిర్యాదు చేసేదీ ఆమే కనుక, చాలామంది ఆమెను శత్రువుల లెక్కలో వేసి పుట తిప్పేస్తారు. మీరు ఆ నవలను మరోసారి తెరిస్తే, మోంటాగ్‌ను కాసేపు పక్కనపెట్టి ఆ రాత్రినే చదవండి.