బైబిలు నమ్మనివాళ్ల ముందు క్రైస్తవుడు ఏ ఆధారంతో వాదించాలి?

"గ్రామసభలో పాస్టరు గారు వాక్యం ఎత్తితే, మీ బైబిలు మాకెందుకంటారు. మరి ఆయన ఏం మాట్లాడాలి?" అన్నది ప్రశ్న.

వాక్యం ఒక్కటే చూపించి ఊరుకోనక్కర్లేదని క్రైస్తవ వేదాంతంలోనే ఒక బలమైన సంప్రదాయం ఉంది. మోషే ధర్మశాస్త్రం లేనివాళ్ల హృదయాల్లోనూ ధర్మం రాసి ఉందని పౌలు రోమా పత్రిక 2వ అధ్యాయంలో అన్నాడు. 13వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ సహజ ధర్మమనే సిద్ధాంతాన్ని విపులంగా చెప్పాడు. మంచిచెడ్డలు తెలుసుకునే బుద్ధి అందరికీ ఉంది కాబట్టి, అందరికీ అర్థమయ్యే కారణం చెప్పొచ్చని దాని సారం. 20వ శతాబ్దపు వేదాంతి కార్ల్ బార్త్ లాంటివాళ్లు దీన్ని గట్టిగా కాదన్నారు, అది వేరే చర్చ.

మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. చర్చిలో ఆ సంగతి చెప్పేటప్పుడు బైబిల్లో తాగుడు గురించి హెచ్చరించే సామెతల గ్రంథం 23వ అధ్యాయం తీయొచ్చు. గ్రామసభలో మాత్రం కూలి డబ్బులు ఇంటికి చేరడం లేదనీ, తాగొచ్చి పెళ్లాన్ని కొడుతున్నారనీ చెప్పాలి. రామాలయం వీధివాళ్లూ, మసీదు వీధివాళ్లూ తూచి చూడగలిగే కారణాలవి.

అలాగని విశ్వాసాన్ని దాచుకోనక్కర్లేదు. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్, వేదాంతులైన అగస్టీన్‌నూ అక్వినాస్‌నూ పేరుపెట్టి ఉదహరించాడు, నల్లవాళ్లను తెల్లవాళ్ల నుంచి వేరుచేసే చట్టం మనిషి వ్యక్తిత్వాన్ని ఎలా చెడగొడుతుందో కూడా వివరించాడు.

నడవడికా వాదనలో భాగమే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని చూపించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని, అప్పుడు బాప్తిస్మాలు ఆపేశాడు.