రిమోట్‌తో కుస్తీ పడుతున్న అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ రెండో సంవత్సరం. పది రోజులుగా ఆర్డినో బోర్డు (ప్రోగ్రాం ఎక్కించి వస్తువులను నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) ముందేసుకుని, పాత రిమోట్‌తో చిన్న ఫ్యాన్ తిప్పాలని కూర్చుంటోంది. ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు. స్పీడ్ అసలు మారడం లేదు. రాత్రి ఒంటిగంట దాకా ఇదే పని. వచ్చే ఏడు ఈసెట్ (డిప్లొమా తర్వాత బీటెక్‌లో చేరడానికి రాసే పరీక్ష) రాయాలి. ఇది మానిపించి అమీర్‌పేటలో జావా కోర్సులో చేర్చమని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?
(ఒక తండ్రి, కుషాయిగూడ)

జవాబు: ఆ పని మానిపించకండి. ఒంటిగంట దాకా కూర్చోవడం మాత్రం మానిపించండి.

ప్రశ్నతో పాటు అమ్మాయి నోట్‌బుక్ పేజీ, బోర్డు ఫొటో పంపారు, మంచి పని చేశారు. ఆ పేజీలో పైన ‘రిమోట్ పోయిందేమో’ అని రాసి కొట్టేసింది. కింద ‘సెల్ఫీ కెమెరాలో చూస్తే రిమోట్ ముందున్న ఎల్‌ఈడీ వెలుగుతోంది, రిమోట్ బాగానే ఉంది’ అని రాసుకుంది. దాని కింద ఇంకో లైను: ‘రిసీవర్ వేడెక్కింది, వెంటనే తీసేశాను. 1738కీ 1838కీ కాళ్ల వరస వేరు.’ రిమోట్ సిగ్నల్ అందుకునే ఆ చిన్న భాగంలో రెండు రకాల నంబర్లవి. అనుమానం వచ్చింది, తేల్చుకోవడానికి ఒక పరీక్ష చేసింది, వచ్చింది రాసిపెట్టింది. బీటెక్ పాసైనవాళ్లలో కూడా చాలామందికి ఈ అలవాటు దగ్గర కూర్చుని నేర్పాల్సి వస్తుంది.

ముందు ఆ ఫ్యాన్ సంగతి తేల్చేద్దాం, లేకపోతే ఆమె ఈసెట్ పుస్తకం తెరవదు. ఫొటోలో మోటార్ ట్రాన్సిస్టర్‌కు వెళ్లే వైరు మూడో పిన్నులో ఉంది. ఊనో రకం ఆర్డినో బోర్డులో 3, 11 పిన్నుల దగ్గర స్పీడ్ తగ్గించి పెంచేది చిప్పు లోపలి టైమర్ 2. ఐఆర్‌రిమోట్ లైబ్రరీ (ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం) రిమోట్ సిగ్నల్ చదవడానికి వాడుకునేదీ అదే టైమర్. ఒకే బోరుకు రెండిళ్లవాళ్లు పైపు వేసినట్టయింది. వైరును ఐదో పిన్నుకు మార్చి, ప్రోగ్రాంలోనూ ఆ అంకె మార్చమనండి.

స్క్రీన్ మీద వరసగా ఎనిమిది ఎఫ్‌లు వస్తున్నాయని పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. అది తప్పు కాదు. ఎన్‌ఈసీ పద్ధతి రిమోట్లు బటన్ నొక్కగానే 32 బిట్ల పూర్తి కోడ్‌ను ఒక్కసారే పంపుతాయి. వేలు తీయకపోతే దాదాపు 110 మిల్లీసెకన్లకోసారి ‘ఇంకా నొక్కే ఉన్నారు’ అనే పొట్టి సిగ్నల్ మాత్రమే వస్తుంది. పాత లైబ్రరీ దాన్నే ఎఫ్‌లుగా చూపిస్తుంది. అంతకుముందు వచ్చిన కోడ్‌ను ప్రోగ్రాంలో దాచుకుని, ఎఫ్‌లు వచ్చినప్పుడు దాన్నే మళ్లీ వాడుకుంటే సరిపోతుంది.

ఇక ఒకసారి పనిచేసి ఒకసారి మొండికేయడం. నా అనుమానం మోటార్ మీద. రిసీవర్‌కూ మోటార్‌కూ బోర్డులోని 5 వోల్టులే ఇచ్చింది. మోటార్ తిరిగేటప్పుడు ఆ లైన్లో పుట్టే గోలలో రిసీవర్‌కు రిమోట్ మాట వినపడదు. అయితే నా మాట నమ్మి కొట్టుకు పరుగెత్తొద్దు. మోటార్ వైరు పీకేసి యాభైసార్లు రిమోట్ నొక్కి, ఎన్నిసార్లు కోడ్ సరిగ్గా వచ్చిందో లెక్కపెట్టాలి. తర్వాత మోటార్ తిప్పుతూ మరో యాభైసార్లు. తేడా కనిపిస్తేనే మోటార్‌కు వేరే బ్యాటరీ పెట్టి గ్రౌండ్ మాత్రం కలపాలి, రిసీవర్ కాళ్ల దగ్గర 100 ఓమ్స్ రెసిస్టర్, 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయాలి. కోఠి గుజరాతీ గల్లీలో ఇవి చిల్లర డబ్బులకే దొరుకుతాయి. తేడా లేకపోతే రిసీవర్ మీద ఎండ గానీ ట్యూబ్‌లైట్ వెలుతురు గానీ నేరుగా పడుతోందేమో చూడాలి.

బావమరిది గారి మాటకు వద్దాం. జావా చెడ్డదేం కాదు. కానీ ఈ అమ్మాయి మొగ్గు ఎంబెడెడ్ వైపు, అంటే వస్తువుల లోపలి చిప్పులకు ప్రోగ్రాం రాసే పని వైపు ఉంది, అక్కడ ముందు కావలసింది సీ లాంగ్వేజ్. ఆ లైన్లో ఫ్రెషర్‌కు మొదటి ఉద్యోగం దొరకడం సాఫ్ట్‌వేర్‌లో కంటే కష్టమే, అది దాచను. ఇంటర్వ్యూల్లో నేను పక్కన కూర్చుని చూసిందొకటి చెబుతాను. డబ్బిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చిన కుర్రాడు బోర్డు ఆన్ చేసి చకచకా చూపిస్తాడు. ‘ఈ కెపాసిటర్ ఎందుకు పెట్టావు బాబూ?’ అని అడగగానే టేబుల్ వైపు చూస్తాడు. మీ అమ్మాయికి ఆ ప్రశ్న వేస్తే, యాభైసార్లు నొక్కిన లెక్కతో సహా చెబుతుంది. టెస్టింగ్, వ్యాలిడేషన్ ఉద్యోగాల్లో రోజూ చేసేది ఇదే: సిగ్నల్ పంపేవాడి దగ్గర ఆగిందా, దారిలోనా, అందుకునేవాడి దగ్గరా, ప్రోగ్రాంలోనా? ఆ నోట్‌బుక్‌లో తేదీలు వేయడం మొదలుపెట్టమనండి, రేపు రెజ్యూమేకు పనికొస్తుంది.

ఈసెట్‌లో 200 మార్కులకు ఈసీఈ సబ్జెక్టు 100, మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. బోర్డు మీద చేసే పని సబ్జెక్టుకు కొంత తోడ్పడుతుంది గానీ, మ్యాథ్స్ యాభైకి ఏమీ చేయదు. కాబట్టి మామూలు రోజుల్లో మ్యాథ్స్, బోర్డు శని, ఆదివారాల్లో. అమీర్‌పేట ఫీజు ఇప్పుడే కట్టకండి. సెలవుల్లో ఒకరోజు రాయదుర్గంలోని టీ-వర్క్స్‌కు తీసుకెళ్లండి, హబ్సిగూడలో మెట్రో ఎక్కితే చివరి స్టేషన్ అదే. వస్తువు తయారుచేసే చోటు ఎలా ఉంటుందో మీరూ చూసినట్టుంటుంది. బీటెక్ అయ్యాక కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్‌లో ఎంబెడెడ్ పీజీ డిప్లొమా ఉంది, దానికి సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అది అప్పటి మాట.

ఫ్యాన్ తిరగ్గానే ఆమె కన్ను ఇంట్లోనో చుట్టాలింట్లోనో ఉన్న ఏసీ రిమోట్ మీద పడుతుంది, చూస్తూ ఉండండి. అది నొక్కిన బటన్ ఒక్కటే పంపదు. టెంపరేచర్, మోడ్, ఫ్యాన్ స్పీడ్ అన్నీ కలిపి ప్రతిసారీ పెద్ద కోడ్ పంపుతుంది. అందులో పడితే నెల రోజులు బయటికి రాదు. దాని జోలికి ఈసెట్ అయ్యాకే వెళ్లమనండి.