నీ గుమాస్తాను మంచోణ్ణి చెయ్యకు

హన్మకొండ

తమ్మీ,

నీ నవల చదివిన. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల అడ్తి సేటు (కమీషన్ వ్యాపారి) దగ్గర గుమాస్తా, రైతుల మిర్చి తూకంల కోత పెట్టేటోడు, ఆఖరికి ఒక ప్రాణం తీస్తడు. మనిషి మంచిగ దొరికిండు. కానీ మూడో అధ్యాయంల తాగుబోతు తండ్రిని, చినిగిన బడిసంచిని తెచ్చినవ్. అది కొట్టెయ్. వాని మీద జాలి పడుమని నువ్వు పాఠకుణ్ణి బతిమాలుతున్నట్టుంది.

వాడు నచ్చాల్సిన పనిలేదు. వానికేం కావాల్నో తెలిస్తే చాలు. అది కంటికి కనబడేది కావాలె: సేటు కూసునే గద్దె అనుకో. రెండు పేజీలు దాటకముందే ఆ గద్దె మీద వాని చూపు పడాలె. ఆ వెంటనే పనితనం చూపియ్యి. బస్తాల చెయ్యి పెట్టి నడుమ నుంచి గుప్పెడు కాయ తీస్తడు, ఒకటి చెవి దగ్గర ఊపుతడు, గింజ గలగలమంటే ఎండింది. కాంటా మీదికి పోకముందే తరుగెంతో మనసుల రాసుకుంటడు. పనిల ఆరితేరినోడు దొంగైనా చూడబుద్ధైతది. చేతగాని దుర్మార్గుణ్ణి పది పేజీలు భరించలేం.

తప్పులు ఒకదానికొకటి పుట్టాలె. మొదటిది చిన్నది, తూకం చిట్టీల రెండు కిలోలు తక్కువ. రెండోది దాన్ని కప్పనీకి. మూడోది, రెండోదాన్ని చూసిన హమాలీ నోరు మూయనీకి. ప్రతిసారీ వాని దగ్గర ఒక లెక్క ఉండాలె; వింటుంటే "అవును గదా" అనిపించాలె, అరపేజీ పోయినంక ఎట్ల ఒప్పుకున్ననా అని పాఠకుడే ఉలిక్కిపడాలె. హత్య సీను బాగనే ఉంది, దాని జోలికి పోను.

కథ "నేను" అని చెప్పిస్తున్నవ్ గనక ఒక కట్టుబాటు. పోలీసుకు ఎన్ని అబద్ధాలైనా చెప్పనియ్యి, పాఠకుడికి మాత్రం దాచాలె గని జరగనిది చెప్పొద్దు. "రాత్రి ఇంటికి పోయిన" అని రాసి చివర్ల కాదంటే పుస్తకం ఇసిరికొడ్తరు. "షట్టర్ దించిన. తెల్లారి చాయ్ తాగుతుంటే వేళ్లు మండినయ్" అని రాయి. నడుమ రాత్రి మాయమైంది, మిర్చి ఘాటు మిగిలింది. 1926ల అగాథా క్రిస్టీ రాసిన డిటెక్టివ్ నవల 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్'ల కథ చెప్పే హంతకుడు పది నిమిషాలను గిట్లనే మింగిండు; వెనక్కి పోయి చూస్తే ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు.

ఇగ చచ్చిపోయే రైతు. ఆయన్ను దేవుణ్ణి చేసినవ్. బస్తా అడుగున ఇంత రంగు పోయిన తాలుకాయ కలుపుకొచ్చిండనుకో, గుమాస్తాకు సాకు దొరుకుతది, మనకు తీర్పు కష్టమైతది. అంతకన్న చెడ్డోణ్ణి చేస్తే మాత్రం చావు చవకైతది.

చాయ్ బండి ఆమెను ఇంకో రెండుసార్లు తే. వాణ్ణి కనిపెట్టింది ఆమె ఒక్కతే, ఏమనదు, పైసలు మాత్రం ముందే అడుగుతది. వానికి పోలీసు కన్న ఆమెతోనే భయముండాలె.

ఆఖరి అధ్యాయంల గుమాస్తాను ఏడిపించినవ్ గదా, ఆ రెండు పేరాలు తీసెయ్. అసుంటోడు పట్టుబడ్డంక, ఎక్కడ దొరికిపోయిన్నో లెక్కేసుకుంటడు.