రెండు ఎలక్ట్రాన్లు అచ్చంగా ఒకేలా ఉంటే, అవి రెండని ఎలా అంటాం?

ఈ ఒక్క ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఏ తేడా లేనివాటిని రెండుగా ఎలా లెక్కపెడతాం? వాటిని అటుదిటు మార్చినా ఏమీ మారకపోతే 'ఇది', 'అది' అనడంలో అర్థం ఉందా? నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. స్టాటిస్టికల్ మెకానిక్స్ (బోలెడు కణాల గుంపు ఎలా ప్రవర్తిస్తుందో లెక్కగట్టే శాస్త్రం) మొదలుపెట్టినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు ఇదే పట్టుకుంటారు. నా జవాబు ముందే చెప్పేస్తాను: ఎన్ని ఉన్నాయో చెప్పడానికి ఏది ఏదో తెలియనక్కర్లేదు.

బోర్డు మీద రెండు గళ్లు గీసి, వాటిలో రెండు కణాలు పెట్టమంటాను. పిల్లలు వెంటనే నాలుగు రకాలు రాస్తారు: రెండూ ఎడమ గడిలో, రెండూ కుడి గడిలో, ఒకటోది ఎడమ రెండోది కుడి, మళ్లీ దాన్నే తిరగేసి. ఈ లెక్కన రెండూ ఒకే గడిలో ఉండే అవకాశం సగం. ఫోటాన్లకు, అంటే కాంతి కణాలకు, మాత్రం ఈ లెక్క చెల్లదు. చివరి రెండూ వాటికి ఒకటే కాబట్టి మొత్తం మూడు రకాలే, ఒకే గడిలో దొరికే అవకాశం మూడింట రెండు వంతులు. ఎలక్ట్రాన్లయితే, ఒక్కో గడిని స్పిన్ (కణానికి పుట్టుకతో ఉండే, తిరుగుడు లాంటి గుణం) సహా ఒక స్థితి అనుకుంటే, ఒకే స్థితిలో రెండు ఇమడవు కాబట్టి, మిగిలేది ఒక్కటే రకం. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ ఢాకా నుంచి ఐన్‌స్టీన్‌కు పంపిన వ్యాసంలో ఉన్నది ఫోటాన్ల లెక్కే. ఏ కాంతి కణం ఏ గడిలో ఉందని ఆయన అడగలేదు. ఖాళీ గళ్లు ఎన్ని, ఒకటి ఉన్నవెన్ని, రెండు ఉన్నవెన్ని అని అడిగాడు. వేడి వస్తువు ఏ రంగు కాంతిని ఎంత వెలువరిస్తుందో చెప్పే ప్లాంక్ సూత్రం వచ్చేసింది. ఐన్‌స్టీన్ ఆ వ్యాసాన్ని తనే జర్మన్‌లోకి మార్చి అచ్చు వేయించాడు.

ఇక్కడ ఒక అమ్మాయి అడిగింది: "సార్, ఒకదానికి రంగు వేస్తే?" ఇంతకంటే మంచి ప్రశ్న ఆ చాప్టర్‌లో నేను వినలేదు. దానికి జవాబు ప్రయోగంలోనే ఉంది. 1987లో అమెరికాలోని రోచెస్టర్‌లో హాంగ్, ఔ, మాండెల్ అనే ముగ్గురు సగం కాంతిని పోనిచ్చి సగం తిప్పికొట్టే అద్దం మీదికి చెరో వైపు నుంచీ ఒక్కో ఫోటాన్‌ను పంపారు. రెండూ ఒకేలాంటివై, ఒకే క్షణంలో చేరితే, రెండూ కలిసి ఒకే వైపు బయటికొస్తాయి. చెరో వైపుకీ వెళ్లడానికి ఉన్న దారులు రెండు: రెండూ దాటిపోవడం, రెండూ వెనక్కి తిరగడం. ఏది జరిగిందో తేల్చే గుర్తు లోకంలో ఎక్కడా లేకపోతే ఆ రెండు దారులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకదాని ధ్రువణాన్ని (కాంతి తరంగం ఊగే దిశను) 90 డిగ్రీలు తిప్పి చూడండి, అంటే 'రంగు వేయండి'. చెరో వైపుకీ పోవడం మళ్లీ మొదలవుతుంది. కాబట్టి 'ఇది–అది' లేకపోవడం మన అజ్ఞానం కాదు. అది డిటెక్టర్‌లో కనిపించే విషయం.

క్లాసులో ఇంకో ఉదాహరణ కూడా ఇస్తాను, తత్వశాస్త్రంలో పాతదే. నా ఖాతాలో 300 ఉన్నాయి, మీరు ఫోన్‌పేలో 200 పంపారు. ఇప్పుడు 500. అందులో మీ 200 ఏవి? ప్రశ్నే తప్పు, మొత్తం మాత్రం పక్కా.

తత్వవేత్తలు ఇక్కడ జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ దగ్గర ఆగుతారు. ఏ తేడా లేని రెండు వస్తువులు ఉండవని ఆయన వాదన. జర్మనీలోని హెరెన్‌హౌజెన్ తోటలో ఒక పెద్దమనిషి అచ్చం ఒకేలా ఉన్న రెండు ఆకుల కోసం వెతికి వెతికి ఓడిపోయాడని ఇంగ్లిష్ తత్వవేత్త క్లార్క్‌కు రాసిన ఉత్తరంలో చెబుతాడు. ఆకుల విషయంలో సరే. 1952లో తత్వవేత్త మాక్స్ బ్లాక్ ఇంకోటి ఊహించమన్నాడు: విశ్వంలో రెండు ఇనుప గోళాలు తప్ప ఇంకేమీ లేవు, రెండూ అన్నింటా సమానం. ఎడమది అనడానికి కూడా అక్కడ మీరు ఉండరు. అయినా రెండే కదా?

నాకు ముడి విప్పింది మాత్రం తర్కశాస్త్రవేత్త టార్స్కీ. ఏ జ్యామితినైనా, దానికి తగ్గ మార్పులు చేసినా చెదరనివి ఏవో చూసి గుర్తించాలని 1872లో గణితవేత్త క్లైన్ అన్నాడు. 1966లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో టార్స్కీ దాన్ని కొసకంటా లాగాడు: ఉన్న వస్తువులన్నింటినీ ఎలా తారుమారు చేసినా చెదరనివే తర్కానివి. అలా చూస్తే రెండు వస్తువుల మధ్య సంబంధాల్లో నాలుగే మిగులుతాయి: ఎప్పుడూ ఉండేది, ఎప్పుడూ లేనిది, 'అదే' అనేది, 'వేరే' అనేది. గుంపుల గుణాల్లో అయితే సంఖ్యకు సంబంధించినవే మిగులుతాయి. అంటే తారుమారు చేసినా 'రెండు వేర్వేరువి ఉన్నాయి' అన్నది నిలుస్తుంది, 'ఇది ఫలానాది' అన్నది నిలవదు. బోస్ లెక్కలో వింతగా కనిపించింది ఇక్కడ మామూలు సంగతి.

ఫిజిక్స్ మీద పనిచేసే తత్వవేత్త సైమన్ సాండర్స్‌ది ఇంకో దారి. జంట ఎలక్ట్రాన్ల మొత్తం స్పిన్ సున్నా అయితే, ఒకదానికొకటి 'వ్యతిరేక స్పిన్'. ఏదీ తనకు తాను వ్యతిరేకం కాలేదు కాబట్టి అవి రెండే అవ్వాలంటాడు. తెలివైన మాటే. కానీ ఆ సంబంధం ఉండాలంటే ముందే రెండు ఉండాలి కదా అన్న ఆక్షేపణ నాకు బలంగానే తోస్తుంది.

టార్స్కీ మీద కూడా అదే ఆక్షేపణ పెట్టొచ్చు: తారుమారు చేయడానికి ముందే ఆయన చేతిలో వేర్వేరు వస్తువుల సమితి ఉంది. అందుకే బ్రెజిల్‌లో డేసియో క్రౌజ్ లాంటివాళ్లు, సభ్యులెన్నో చెప్పగలిగినా ఏది ఏదని అడగడానికే వీల్లేని సమితుల సిద్ధాంతం కట్టారు. నాకైతే అంత దూరం వెళ్లాల్సిన పని కనిపించదు. ఫిజిక్స్‌లో కణాలకు 1, 2 అని నంబర్లు వేసి, తర్వాత వాటిని చెరిపేయడానికి 'నంబర్లు అటుదిటు మార్చినా ఫలితం మారకూడదు' అనే సౌష్ఠవ నియమం పెట్టడం వల్లే సగం టెన్షన్. క్వాంటం ఫీల్డ్ సిద్ధాంతంలో మొదటి నుంచీ ఈ స్థితిలో ఎన్ని, ఆ స్థితిలో ఎన్ని అనే రాస్తాం. చెరపడానికి నంబర్లే ఉండవు.