సంబంధాల దగ్గర చదువు కంటే ముందు రంగు ఎందుకు అడుగుతారు?

మా శ్రీకాకుళం వైపు పిల్ల డిగ్రీ పూర్తయిందని చెబితే తల ఊపేసి, వెంటనే "రంగెలాగుంటాదమ్మా?" అంటారు. "చామనఛాయే గానీ కళ గల ముఖం" అని మనవాళ్ల జవాబు. ఆ "గానీ"లోనే ఉంది అసలు సంగతి.

రంగుని అంతస్తుకి గుర్తుగా చూడటం పాత అలవాటు. ఎండలో ఊడ్పులు ఊడ్చే ఒళ్లు నల్లబడుతుంది, నీడపట్టున ఉన్నది నిగనిగలాడుతుంది. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు చూడండి, జీడి రసానికి నల్లగా మాడి ఉంటాయి. అవి కష్టం చేసిన చేతులు. పెళ్లిచూపుల్లో మాత్రం మార్కులు పడవు.

దీనికి మనసు చేసే మోసం తోడు. 1920లో థార్న్‌డైక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, సైన్యంలో అధికారులు కింది వాళ్లకి ఇచ్చిన మార్కులు పరిశీలించాడు. దేహదారుఢ్యం బాగుందన్నవాళ్లకి తెలివి, నాయకత్వం కూడా బాగున్నాయనే రాశారట. ఇలా ఒక్కటి నచ్చితే మిగతావీ బాగున్నట్టే అనిపించడాన్నే హేలో ఎఫెక్ట్ అంటారు. రంగు దగ్గరా అంతే.

ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది, అంతే.

మా చిన్నాన్న కూతురి ఫొటోని స్టూడియో వాడు అడక్కుండానే బాగా తెల్లగా చేసిచ్చాడు. చూడ్డానికొచ్చినవాళ్లు టీ తాగుతూ ఫొటో వంకా, పిల్ల వంకా మార్చి మార్చి చూశారు.