జన్యువు అంటే వంశం కాదు: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ఈవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రమ కనిపించింది. కానీ మొదటి వాక్యంలోనే 'ఇది జన్యు వ్యాధి' అనేసి చేతులు దులుపుకున్నావు. అక్కడే నాకు గుండె కలుక్కుమంది.

మన పాఠకుడు 'జన్యు' అన్న మాట కంటపడగానే తాతముత్తాతల దాకా వెళ్లిపోతాడు. చాలా ఏళ్ల క్రితం నేనూ ఇదే మాట రాశాను. వారం తిరగకుండా ఒక తండ్రి ఉత్తరం వచ్చింది. కొడుకుకు ఈ ఎముక క్యాన్సర్, కూతురికేమో సంబంధం కుదిరింది, మగపెళ్లివారికి చెప్పాలా అని. నాలుగు పేజీల జవాబు రాశాను. ఈ మార్పు కణితి కణాల్లోనే పుడుతుంది, తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు అని అచ్చులో ఒక్క వాక్యం వేసి ఉంటే ఆయనకు ఆ నిద్రలేని రాత్రులు తప్పేవి.

ఇక అసలు మార్పు సంగతి. 'క్రోమోజోమ్‌లు దెబ్బతింటాయి' అన్నావు. ఏవి? ఎలా? 11వది, 22వది తెగి, వాటి ముక్కలు తారుమారై అతుక్కుంటాయి. 1983లో దీన్ని మైక్రోస్కోపు కింద గుర్తించారు. అక్కడ కలిసిపోయిన జన్యువులేవో 1992లో ఫ్రాన్స్‌లోని ఒలివియే డెలాత్ర్ బృందం తేల్చింది: 22 నుంచి ఈడబ్ల్యూఎస్ఆర్1, 11 నుంచి ఎఫ్ఎల్ఐ1. దాదాపు 85 శాతం రోగుల్లో ఇదే జోడీ.

'రెండు రైళ్లు ఢీకొన్నట్టు' అన్న పోలిక కొట్టివేయి. ఢీకొన్న రైళ్లు ఆగిపోతాయి, ఇక్కడ ఆగకపోవడమే సమస్య. ఆ కలిసిపోయిన జోడీలో ఒక సగానికి జన్యువులను నిద్రలేపే శక్తి ఉంది. రెండో సగానికి డీఎన్ఏ మీద ఎక్కడ కూర్చోవాలో తెలుసు. ఈ రెండూ కలిసిన ప్రోటీన్, జీ-జీ-ఏ-ఏ అనే నాలుగక్షరాలు వరసగా మళ్లీ మళ్లీ వచ్చే చోట్లకు పోయి కూర్చుంటుంది. మామూలు కణంలో చడీచప్పుడూ లేని చోట్లవి. అక్కడి నుంచి చుట్టుపక్కల జన్యువులను లేపుతుంది. ఊరి చివర పాడుబడ్డ బావికి ఎవరో మోటారు బిగించినట్టు అనిపిస్తుంది నాకు. నచ్చకపోతే నీదే ఒకటి ఆలోచించు, రైళ్లు మాత్రం వద్దు.

ఈ వ్యాధికి ఎవరి పేరు పెట్టారో ఆ వైద్యుడు జేమ్స్ ఈవింగ్‌ను 'మహానుభావుడు' అని ఒక్క ముక్కలో సాగనంపావు. 1921లో ఆయన ఇది రక్తనాళాల లోపలి పొర నుంచి పుట్టిన కణితి అనుకున్నాడు. ఆ ఊహ నిలవలేదు. రేడియేషన్‌కు లొంగుతుందన్న పరిశీలన నిలిచింది. రెండూ రాయి, మనిషి కనిపిస్తాడు.

నొప్పి, వాపు, జ్వరం చూసి ఇన్ఫెక్షన్ అని పొరబడతారన్న పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. చికిత్స దగ్గర 'అద్భుతం' మూడుసార్లు వాడావు. మూడూ తీసేసి, మళ్లీ పంపు.